కాశీలో వదిలిన వంకాయ

కాజిల్‌బార్‌లో రైలెక్కి ముప్పావుగంటయింది. ముప్ఫై రెండు రోజుల యూరప్ యాత్ర ముగించుకుని, కాకినాడ నుంచి వచ్చిన గోపాలరావు, మంగాదేవి దంపతులు కార్క్‌లో ఉన్న కూతురింటికి వెళ్తున్నారు. మూడు రోజులు ఆతిథ్యం ఇచ్చిన గిరిజాకుమారి ఇల్లు వెనకబడింది గానీ, ఆవిడ పెట్టిన భోజనం మాత్రం వీళ్ళతోపాటే రైలెక్కింది. ఆయన కిటికీలోంచి గొర్రెల్ని చూస్తున్నాడు. ఎదుటి సీట్లోంచి ఆవిడ ఆయన్ని చూస్తోంది, అదీ అంత ప్రేమగా ఏం కాదు.

"అనలేదా? నా ఎదురుగుండా అన్నారు. నా చెవులతో విన్నాను."

"ఏదో అన్నాన్లే మంగా. భోజనం పెట్టినావిడతో ఏదో ఒకటి అనాలి కదా."

"ఏదో ఒకటి కాదు. 'ఇలాంటి గుత్తొంకాయ కూర నా జన్మలో తిన్లేదండీ' అన్నారు. జన్మలో! అంటే ఏమిటో తెలుసా మీకు?"

"తెలుసు."

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను పెట్టింది గడ్డి అని."

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. మీ జన్మలో నేనూ ఉన్నాను, మీ అమ్మగారూ ఉన్నారు, మా అమ్మా ఉంది. అందర్నీ ఒక్క మాటతో ఊడ్చి పారేశారు, ఆ గిరిజాకుమారి కోసం."

"ఆవిడ కోసమేంటే, మర్యాద కోసం..."

"మర్యాదైతే ఒక్కసారితో సరిపోతుంది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. ఆవిడ పొంగిపోయి ఇంత గరిటెతో ఇంత వేసింది."

"ఆకలేసింది."

"తొమ్మిదింటికి నాలుగిడ్లీలు తిన్న మనిషికి పదకొండున్నరకే ఆకలేసిందా?"

"రైలుకి టైమైపోతోందని ఆవిడే తొందరపెట్టింది. నువ్వూ తిన్నావు కదా!"

"నేనేం తిన్నాను? పప్పూ చారూ. వంకాయ కాశీలో వదిలేశానని మొన్న దిగిన పూటే చెప్పాను ఆవిడకి. చెప్పినా వంకాయే వండింది. ఎవరి కోసం వండినట్టు?"

"వాళ్ళాయన డాక్టరుగారికి ఇష్టమేమో."

"ఆ హనుమత్ప్రసాద్ గారు పొద్దున్న ఏడింటికే ఆసుపత్రికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఉన్న మగాళ్ళు మీరొక్కరే."

"బయట చూడు, ఎంత పచ్చగా ఉందో. వానొచ్చి ఆగింది."

"ఇక్కడ వాన రావడమూ ఆగడమూ రోజుకి పదిసార్లు. దాన్ని చూపించి నా నోరు మూయించకండి. ఆవిడ నన్నేమని పిలిచింది?"

"ఏమని పిలిచింది?"

"అక్కయ్యగారూ అని. నన్ను అక్కయ్య అంటే మీరేమవుతారు ఆవిడకి?"

"అబ్బా..."

"చెప్పండి. ఏమవుతారు?"

"బావనవుతాను."

"ఆఁ. లోకంలో ఏ ఆడదైనా వదినగారూ అంటుంది, అన్నయ్యగారూ అంటుంది, పీడా వదిలిపోతుంది. ఈవిడ మూడ్రోజుల్లో ఒక్కసారన్నా మిమ్మల్ని అన్నయ్యగారూ అందా?"

"డాక్టరుగారు నన్ను అన్నయ్యగారూ అన్నారు కదే. ఆయనకి అన్నయ్యనైతే ఆవిడకి బావనే అవుతాను. మీరిద్దరూ తోడికోడళ్ళు. లెక్క సరిపోయింది."

"సరిపోతుంది సరిపోతుంది. మీ జాతకాలు కలిసుంటే అసలు కోడలే అయ్యేది."

"అదిగో, మళ్ళీ అక్కడికే వచ్చావు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందటి పెళ్ళిచూపులు! తలుపు తీసేదాకా ఆవిడే ఈవిడని నాకేం తెలుసు? అల్లుడు కుదిర్చిన బస అది. వెళ్ళి రాజ్‌కిరణ్‌ని అడుగు."

"తలుపు తియ్యగానే గుర్తుపట్టారుగా."

"నేను పట్టలేదు. ఆవిడ పట్టింది."

"ఎవరు పడితేనేం. మీ అమ్మగారు పోయేదాకా చెప్పేవారు, 'పిఠాపురం పిల్ల చేసిన సొజ్జి అమృతంలా ఉంది, మనకి ప్రాప్తం లేదు' అని. చారు పోస్తుంటే చెప్పేవారు. నేను పోస్తుంటే!"

"ఆ సొజ్జి వాళ్ళ మేనత్త చేసింది. ఆ పిల్లకి అప్పటికి పొయ్యి వెలిగించడం కూడా రాదు."

"చూశారా! గుర్తుంది!"

"ఏం గుర్తుంది?"

"సొజ్జి ఎవరు చేశారో గుర్తుంది. మన పెళ్ళిచూపుల్లో నేనేం పెట్టానో చెప్పండి చూద్దాం."

"బజ్జీలు."

"పూతరేకులు! మా అమ్మ రెండ్రోజుల ముందు నుంచీ కూర్చుని చేసింది!"

"బజ్జీలు కూడా పెట్టారు మంగా."

"పెట్టలేదు."

"సరే, పెట్టలేదు. ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వు."

"తీసుకోండి. ఈ యాత్రలో ఎవరెవరి వంట మెచ్చుకున్నారో వరసగా చెప్పనా?"

"వద్దు."

"పారిస్‌లో ఆ తేజేశ్వర్ కుర్రాడు సేమియా ఉప్మా చేశాడు. అడుగంటి నల్లగా అయింది. 'బాబూ, నీ చేతిలో మహత్తుందయ్యా' అన్నారు. వాడు నిజమే అనుకుని నాకు చెయ్యి చూపించాడు."

"చదువుకునే కుర్రాడు. మనకి గది ఖాళీ చేసిచ్చి తను నేల మీద పడుకున్నాడు."

"జ్యూరిక్‌లో సుధేష్ణ. చింతపండు అయిపోయిందని వెనిగర్ పోసి పులిహోర కలిపింది. నేను నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మీరేమన్నారు? 'గుళ్ళో ప్రసాదంలా ఉందమ్మా' అన్నారు."

"ఏడో నెల కడుపుతో ఉంది ఆ పిల్ల. నించుని చేసింది."

"నేను కూర్చుని చేశానా ముప్ఫై ఎనిమిదేళ్ళు? సాహితి కడుపులో ఉన్నప్పుడు మీ ఇంట్లో ఎంతమందికి వండానో గుర్తుందా?"

"ఉంది."

"పదకొండుమందికి. అప్పుడు మీరేం అనేవారో అదీ గుర్తుందా?"

"ఎందుకులే అవన్నీ ఇప్పుడు."

"'చారులో మిరియం ఎక్కువైంది.' 'పప్పు పలుకుగా ఉంది.' 'ఈ పచ్చడి రుబ్బావా, తొక్కావా?' కంచం నెట్టేసి లేచిపోయిన రోజులున్నాయి. మీ అమ్మగారి ముందు!"

"చిన్నతనం. తప్పే. ఇప్పుడు అంటున్నానా?"

"అదే నేననేది. ఇప్పుడు అనట్లేదు."

"అనకపోయినా తప్పేనా?"

"తప్పే. నాలుగేళ్ళ నుంచి ఏం పెట్టినా తలొంచుకుని తింటారు, చెయ్యి కడుక్కుంటారు, పేపరు పట్టుకుంటారు. బావుందని లేదు, బాలేదని లేదు. కావాలని ఓ రోజు పచ్చడిలో ఉప్పు తగ్గించాను, తెలుసా?"

"ఎప్పుడు?"

"పోయిన శ్రావణంలో. మీరు తిడతారేమో అని ఎదురుచూశాను. తినేసి లేచారు. ఆ మధ్యాహ్నం నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను."

"దానికెందుకే ఏడవడం?"

"మీకేం తెలుసు? తిట్టేవాడికి నేను వండింది నోటికి తగులుతోందని అర్థం. తిట్టడం కూడా మానేశాడంటే నేను మనసులోంచే పోయానని అర్థం. సరే, వయసైంది, ఏ రుచి మీదా ఆసక్తి పోయిందేమో అని సర్దుకున్నాను. తీరా ఇక్కడికొచ్చాక చూస్తే, అందరి వంటా అమృతమే! ఒక్క నా వంటకే నోరు పడిపోయింది!"

"గట్టిగా మాట్లాడకు. ఆ పక్కావిడ చూస్తోంది."

"చూడనీండి. ఆవిడ కూడా ఏదన్నా వండి తెచ్చుంటే మెచ్చుకోండి."

"మంగా..."

"లూసర్న్‌లో మంచు మీద జారిపోతానని నా చెయ్యి పట్టుకున్నారు, గుర్తుందా?"

"గుర్తుంది. నువ్వు నవ్వావు. ఫొటో కూడా ఉంది."

"ఆ పూట ఎంత సంతోషపడ్డానో. ఇంటికెళ్ళాక మళ్ళీ పూర్వంలా ఉంటారనుకున్నాను. మర్నాడే ఆ పులిహోర. దాని తర్వాత రోమ్‌లో రెండ్రోజులు మీతో మాట్లాడలేదు, గమనించారా?"

"గమనించాను. కాళ్ళ నొప్పులనుకున్నాను."

"కాళ్ళ నొప్పులకి ఎవరన్నా మాటలు మానేస్తారా?"

"ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు. కార్క్ వెళ్ళాక నీ వంట బావుందని నాలుగుసార్లు అంటాను. సరేనా?"

"అడుక్కుంటే పెట్టే మెప్పు నాకొద్దు. పన్నెండో తారీకు మీరొక్కరే వెళ్ళండి."

"ఎక్కడికి?"

"కాకినాడకి. నేను సాహితి దగ్గర ఉండిపోతాను. వీసా ఇంకా రెండు నెలలుంది. టికెట్టు మార్చమని రాజ్‌కిరణ్‌కి మెసేజ్ కూడా పెట్టాను."

"నాకు చెప్పకుండానా? ఎప్పుడు పెట్టావు?"

"మీరు రెండోసారి కూర వేయించుకుంటున్నప్పుడు."

"మంగా, అదేం పద్ధతే? రెండు నెలలు నేనొక్కణ్ణీ ఎలా ఉండను? నా భోజనం..."

"ఆఁ, భోజనం! అందుకే కదా నేను. భోజనం పెట్టేవాళ్ళకి మీకు కొదవేంటి? సందుకొక గిరిజాకుమారి ఉంటుంది."

"ఫోను మోగుతోంది."

"నాది కాదు, మీదే. ఎవరు?"

"ఎవరో... తర్వాత చూద్దాంలే."

"ఎవరో అంటారేం, పేరు కనబడుతోందిగా! ఇలా తిప్పండి. గిరిజాకుమారి! రైలెక్కి గంట కాలేదు!"

"ఏదన్నా మర్చిపోయామేమో."

"ఎత్తండి. స్పీకర్లో పెట్టండి."

"రైల్లో అందరూ ఉన్నారే!"

"మన తెలుగు ఎవరికి తెలుస్తుంది, ఆ గొర్రెలకా? పెట్టండి."

"హలో, గిరిజాకుమారిగారూ..."

"బావగారూ! ఏమనుకోకండి బావగారూ, నాకు తల కొట్టేసినట్టుంది! అక్కయ్యగారు పక్కనే ఉన్నారా?"

"ఉన్నానమ్మా. వింటూనే ఉన్నాను. చెప్పు."

"అక్కయ్యగారూ, మీకెలా చెప్పాలో తెలీట్లేదు. మిమ్మల్ని స్టేషన్లో దింపి ఇంటికొచ్చాను. ఆయన కూడా భోజనానికొచ్చారు. కూర వడ్డించాను. ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తారు!"

"ఎందుకూ?"

"ఉప్పండీ, ఉప్పు! కూర కాదు, సముద్రం! పొద్దున్న ఈయన కాయల్లో కూరే పొడి కొట్టి ప్రెస్సులో పెట్టి వెళ్ళారు, అదే, అలమార్లో. అందులో ఉప్పు వేసేశారట. నాకు చెప్పలేదు. నేను మళ్ళీ వేశాను. కాయలు వేసిన నీళ్ళలో ఓసారి, గుజ్జులో ఓసారి. అతిథులకి పెట్టకుండా ఎంగిలి చెయ్యకూడదని రుచి చూళ్ళేదు. మొత్తం బిన్‌లో పారబోశాం."

"పారబోశారా!"

"మనిషన్నవాడు తినలేడు అక్కయ్యగారూ. మరి బావగారు రెండుసార్లు వేయించుకున్నారు కదండీ! నేనేమో నిజమే అనుకుని మళ్ళీ ఇంత వేశాను. నా మనసు కష్టపడకూడదని అంతా తిన్నారు, ఎంత మంచి మనసండీ ఆయనది! బావగారికి బీపీ ఉందా అని ఈయన అడుగుతున్నారు. నీళ్ళు బాగా తాగించమన్నారు."

"బీపీ లేదమ్మా. ఇప్పుడు నాకొస్తోంది."

"ఏమన్నారూ?"

"ఏం లేదు. ఉప్పు ఎవరికైనా ఎక్కువవుతుంది, దానికేం ఉంది. నువ్వు బాధపడకు. మళ్ళీ ఫోన్ చేస్తాను. ఉంటానమ్మా."

"ఫోను ఇటివ్వు మంగా."

"తీసుకోండి. అయితే ఏవండీ..."

"ఊఁ."

"సముద్రమట."

"విన్నాను."

"సొంత మొగుడు సింకు దగ్గరికి పరిగెత్తాడట. మీరేమో ఒంచిన తల ఎత్తకుండా రెండుసార్లు తిన్నారు. మొహంలో ఒక్క గీత మారలేదు. ఎదురుగా కూర్చుని చూశాను కదా."

"ఆవిడ బాధపడుతుందని..."

"ఆవిడ బాధపడుతుందని! అంటే విషం పెట్టినా తింటారన్నమాట. ఇలాంటి కూర జన్మలో తినలేదన్నారు, అది మాత్రం నిజమే పాపం. ఇంత ప్రేమని నేనేనాడూ చూడలేదండీ. నా చారులో ఒక్క చిటికెడు ఎక్కువైనందుకు మీ అమ్మగారి ముందు గిన్నె తోసేశారు. ఆ చారు మరక వంటింటి గోడ మీద సున్నాలేసేదాకా ఉంది. రోజూ ఆ మరక చూస్తూనే వండాను."

"ఏడవకే. ఏడవకు. అందరూ చూస్తున్నారు."

"యూ ఆల్‌రైట్ దేర్, లవ్?"

"గ్రాండ్, గ్రాండ్. థాంక్యూ."

"ఏమంటోంది ఆ దొరసాని?"

"నువ్వు బానే ఉన్నావా అని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"గ్రాండ్‌గా ఉందన్నాను."

"నేను ఏడుస్తుంటే గ్రాండా! ఆవిడక్కూడా మెప్పే!"

"ఇక్కడ అందరూ అదే అంటారు మంగా, దానికేం అర్థం లేదు. కళ్ళు తుడుచుకో. ఇదిగో రుమాలు."

"నాకేం వద్దు. ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. ఆవిడంటే మీకు ఇంకా మనసులో ఉందా?"

"ఛ, ఛ. అరవై ఆరేళ్ళొచ్చాయి నాకు. మనసేంటే!"

"వయసు అడగలేదు. మరి ఎందుకు తిన్నారు?"

"సరే, నువ్వేమనుకుంటే అదే అనుకో."

"అనుకోమంటారా? ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటే ఈ గొడవ ఇక్కడితో వదులుతుందా?"

"అయ్యో రామా! ఒప్పేసుకున్నారు! ఏదో కోపంలో అడిగాను, కాదంటారనుకున్నాను, ఒప్పేసుకున్నారు!"

"మంగా, నేను ఒప్పుకోలేదు. గొడవ వదులుతుందా అని అడిగాను."

"ఇంక టికెట్టు మార్చడం కాదు, రద్దే చేసెయ్యమంటాను. ఇక్కడ వీల్లేకపోతే మా తమ్ముడు శౌరి దగ్గరికి పోతాను. ఆ వంటింట్లో మళ్ళీ అడుగు పెట్టను. మీ కోసం మళ్ళీ గరిటె పట్టుకోను."

"అంత మాటనకు."

"అంటాను. ఈ పూటతో సరి."

"వంట మానకు మంగా. ఏమన్నా అనుకో, ఎక్కడికన్నా వెళ్ళు, అది మాత్రం మానకు."

"ఎందుకు మానకూడదు? ఆవిడ పెట్టిన ఉప్పు సముద్రానికీ నేను పెట్టే కూరకీ మీకు తేడా ఏంటి? ఊఁ? చెప్పండి, ఏంటి తేడా?"

"తెలియలేదు."

"ఏంటీ?"

"తేడా తెలియలేదు. ఆ కూరలో ఉప్పుందని ఆవిడ ఫోను చేసేదాకా నాకూ తెలీదు."

"అదేంటి? అంత ఉప్పు తెలియకపోవడమేంటి?"

"ఉప్పు తెలీదు, పులుపు తెలీదు, తీపీ తెలీదు. కారం అయితే మండుతుంది. మంట తెలుస్తుంది, మిరపకాయ తెలీదు. నాలుగేళ్ళయింది మంగా, నా నోటికి రుచి పోయి."

"ఎలా పోయింది?"

"ఆ జ్వరంలో పోయింది. పన్నెండ్రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాను చూడు, ఆ రోజు నువ్వు మిరియాల చారు పెట్టావు. వేణ్ణీళ్ళు తాగినట్టుంది. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. నెల అయింది, ఏడాది అయింది."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"సుందరరామయ్యగారి దగ్గరికి వెళ్ళాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నారు."

"అయితే సుందరరామయ్యగారికి తెలుసు."

"ఆయన డాక్టరు కదే!"

"ఇంకెవరికి తెలుసు? సాహితికి?"

"లేదు."

"ఆ గిరిజాకుమారికి?"

"దేవుడి తోడు, లేదు. నీకే చెబుతున్నాను."

"నాలుగేళ్ళ తర్వాత చెబుతున్నారు. నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? జ్వరం తగ్గాక కాశీ తీసుకెళ్ళావు. నాకు ప్రాణం పోసినందుకని ప్రాణంలా తినే వంకాయ గంగలో వదిలేశావు."

"మీరేమో పొట్లకాయ వదిలారు, పుట్టాక ఏనాడూ ముట్టనిది."

"వదిలాను, ఏం చెయ్యను. ఇంటికొచ్చిన మర్నాడే గుత్తొంకాయ చేసి నా కంచంలో వేశావు. 'మీరు తినండి, మీరు తింటే నేను తిన్నట్టే' అన్నావు. ఆ మాటన్న మనిషికి ఎలా చెప్పమంటావు? ఆ కూర నా నోట్లో తడి కాయితంలా ఉంది."

"మరి వాళ్ళందర్నీ మెచ్చుకున్నారేం?"

"వాళ్ళు పరాయివాళ్ళు. ఏం చెప్పినా నమ్ముతారు. నీతో బావుందంటే ఊరుకుంటావా? 'ఏం బావుంది, ఉప్పు సరిపోయిందా, ఇంగువ తగిలిందా, నిన్నటి కంటే బావుందా' అని అడుగుతావు. మొదటి ప్రశ్నకే దొరికిపోతాను. అందుకని నోరు మూసుకున్నాను."

"నేనేమో..."

"తెలుసు. నువ్వు వంటింట్లో కూర్చుని ఏడ్చావని మాత్రం ఇప్పుడే తెలిసింది. తెలిస్తే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి."

అథ్లోన్ దగ్గర రైలు షానన్ నది దాటింది. నది పెద్దదే. దాన్ని ఇద్దరిలో ఒక్కరు కూడా చూడలేదు.

"ఏవండీ."

"ఊఁ."

"వంకాయ నేను ముట్టను కాబట్టి చేతి అంచనాతోనే వండుతున్నాను. ఉప్పెంత పడిందో మీ మొహం చూసి తెలుసుకుందామనుకునేదాన్ని."

"మొహంలో ఏం ఉంటుంది, నాకే తెలియనప్పుడు."

"అంటే నాలుగేళ్ళ నుంచి మనింట్లో గుత్తొంకాయ ఎలా ఉంటోందో నాకూ తెలీదు, మీకూ తెలీదు."

"తెలీదు."

"వారానికి రెండుసార్లు వండాను!"

"నేనూ వారానికి రెండుసార్లు తిన్నాను."

"మా శౌరి ఓసారి వచ్చి ఒక్క ముద్ద తిని, కడుపునొప్పి అక్కా అని లేచిపోయాడు."

"నాకు ఆ రోజే అనుమానమొచ్చింది."

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నవ్వకు. ఎందుకు నవ్వుతున్నావు? మళ్ళీ ఏడుస్తున్నావేంటి? మంగా, ఆ దొరసాని మళ్ళీ లేచొస్తోంది."

"రానీండి, గ్రాండ్ అని చెప్పండి. నా ఫోను ఏదీ? ఆ సంచీలో చూడండి."

"ఇదిగో. ఎవరికి చేస్తున్నావు? టికెట్టు గురించేనా? మంగా, ఒక్క నిమిషం ఆగు..."

"ఉండండి. హలో, సాహితీ. ఆఁ, రైల్లోనే ఉన్నాం. పోర్టార్లింగ్టన్‌లో బండి మారాలి, నాన్నగారికి తెలుసులే. ఇదిగో, మీ ఆయనకి మెసేజ్ పెట్టాను చూడు, టికెట్టు మార్చమని, అది వద్దని చెప్పు. ఏం లేదే, వచ్చాక చెబుతాను. ఏడవట్లేదు, జలుబు. ఇంకోటి విను. సాయంత్రానికి వంకాయలు తెచ్చి ఉంచు. లేతవి, గుత్తికి పనికొచ్చేవి. నువ్వేం మొదలెట్టకు, నేనొచ్చి చేస్తాను. నాన్నగారి కోసం కాదు. నాకు. నాకే! ఉంటాను."

"నీకేంటే! మతిపోయిందా? కాశీలో వదిలేశావు. గంగలో నించుని, నా ప్రాణం కోసం వదిలేశావు."

"ప్రాణం దక్కింది కదా. రుచి కూడా అడగాలని అప్పుడు తోచలేదు."

"మాట తప్పితే పాపం కాదూ?"

"ఆ పాపమేదో నేనే పడతాను. ఇంట్లో ఉప్పు చూడ్డానికి ఒక్క నాలుకైనా ఉండొద్దుటండీ?"